మూతి గొట్టం

శుక్రవారం రువీలో మా గదంతా మధ్యాహ్నం దాకా నిద్రపోతుంది.
నేను మత్రా బస్సెక్కుతాను.
చేపల మార్కెట్ వెనక మూడో సందులో
ఒక షట్టరు సగమే లేచి ఉంటుంది.
వంగి వెళ్ళాలి.
వంగక రెండుసార్లు నెత్తి బొప్పి కట్టించుకున్నాను.

దిల్‌మురాద్ ఉస్తాద్ ఒకప్పుడు బ్యాండులో పెద్ద బూర ఊదేవాడట.
ఇప్పుడు పై పళ్ళు లేవు.
పళ్ళు పోయినవాడు ఊదలేడు,
బాగు చెయ్యగలడు.

నేను ఏసీ గొట్టాలవాణ్ణి. మాది సోంపేట.
పదకొండేళ్ళుగా రాగి తప్ప వేరే లోహం మొహం చూసింది లేదు.
వారానికి ఆరు రోజులు మిద్దెల మీద
వెండి కడ్డీ కరిగేదాకా గొట్టాన్ని
నారింజ పండు చేస్తాను.

ఆ రోజు బల్ల మీద ట్రంపెట్ ఉంది.
తెచ్చిన గుంటడు ముహన్నద్, ఇరవై ఉండవు.
వాళ్ళ తాతది. పై స్వరం పట్టుకుంటే వణుకుతోందట.

ఉస్తాద్, పెదవి ఆనే చోటు నుంచి సాగే మొదటి గొట్టం మీద
వేలితో తడిమాడు.
గులాబీ రంగు చుక్కలు, చెమటకాయల్లా.
"ఎర్ర కుళ్ళు" అన్నాడు.
"మనిషి ఉమ్మి ఇత్తడిలోంచి జింకు ఏరుకు తింటుంది.
రాగి మిగులుతుంది."

రాగి మిగిలితే తప్పేటి?
నాకు అన్నం పెట్టేది అదే కదా అన్నాను.
నవ్వాడు, మొత్తం చిగుళ్ళతో.

టార్చి నా చేతికిచ్చాడు.
అలవాటు కొద్దీ మంట పెంచాను.
చెయ్యి మీద ఒక్కటి పడింది.
"ఇది నీ చిల్లర్ కాదు. ఎర్రబడిందా, అయిపోయింది."
ఇత్తడైపోద్ది అని మా వైపు ఊరికే అనరని
అప్పుడు తెలిసింది.

నీలం మంట, చిన్నది, పిల్లి నాలుకంత.
అటూ ఇటూ, అటూ ఇటూ.
టంకం ఒకసారి మెరిసి పట్టు విడిచింది.
కొలిచి కోసి అతకడమే నా పని ఇన్నాళ్ళూ.
అంత మెల్లగా దేన్నీ విడదీసి ఎరగను.

పాత గొట్టాన్ని నిలువునా కోశాడు ఉస్తాద్.
లోపల పచ్చటి పాచి, దాని కింద గోధుమ రంగు పొర.
"సులేమానీ తాగి నోరు కడుక్కోకుండా ఊదేవాడు,
నాన్నమ్మ తిట్టేది" అన్నాడు ముహన్నద్,
గోటితో ఆ పొరను గీకబోయి, ఆగి.

డబ్బాలోంచి కొత్త గొట్టం తీశాడు.
ఒక చివర సన్నం,
రెండో చివరకి వచ్చేసరికి నాలుగైదు వెంట్రుకల లావు ఎక్కువ.
ఆ వెంట్రుకల్లోనే ఉందట సంగతంతా.
అతికించక ముందే మౌత్‌పీస్ గుచ్చి
"ఊదు" అన్నాడు నన్ను.
మొదట గాలి. తర్వాత ఇంకా గాలి.
ఆ తర్వాత దూడ తప్పిపోయిన గేదె.
"చాలు, గొట్టం బతికే ఉంది."

సాయంత్రం నమాజుకి ముందు చల్లారింది.
ముహన్నద్ ఊదాడు.
పై స్వరం గోడకి కొట్టిన మేకులా నిలబడింది.
చెదరలేదు.
వాడు బూర దించి
చాలాసేపు దాని వైపే చూశాడు.
"తాత ఇక్కడ వణికేవాడు."

ఎవరమూ ఏమీ అనలేదు.
సందులో ఎవరో ఐసు పెట్టె ఈడ్చుకెళుతున్నారు.
మళ్ళీ పాతదే పెట్టమంటావా అని అడగడానికి
అది రెండు ముక్కలై ఉంది.
ఉస్తాద్ వాటిని పేపర్లో చుట్టి ఇచ్చాడు.
ఎనిమిది రియాల్లలో రెండు తిరిగిచ్చాడు,
ఎందుకో చెప్పలేదు.

ఆదివారం ఘలాలో ఆరంతస్తుల మీద
రాగి గొట్టం కోసి
రజను పోవాలని నోటితో ఊదాను.
పెదాలు వాటంతటవే బిగిశాయి.
కూత వచ్చింది, బొంగురుగా, వణుకుతూ.
హెల్పర్ రామ్‌ఆశిష్ రేవు వైపు చూసి
"ఓడ పోతోందా?" అన్నాడు.

టార్చి వెలిగించాను.
పిల్లి నాలుకంత మంట. అటూ ఇటూ.
ఎంతసేపైనా కడ్డీ కరగదే!
నన్ను నేనే తిట్టుకుని
మంట పెంచాను.